పార్సిళ్లతో జలపాతం దాకా

సిరిసిల్లలో మా వీధివాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఇటు గోడకు మరమగ్గాలు, అటు గోడకు మరమగ్గాలు. తెల్లారి లేచిన దగ్గర్నుంచి టకటకా టకటకా. ఉప్పు అడగాలన్నా అరవాలి, అన్నం తినమనాలన్నా అరవాలి. బయటి ఊళ్ల చుట్టాలు వచ్చి మేమేదో కొట్లాడుకుంటున్నామనుకుని బిక్కమొహం వేసిన రోజులు చాలా ఉన్నాయి. దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. కానీ మొగుడితో ఒక్క మాట, వాడకట్టంతా వినకుండా చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ఇంటి మీద నాకు ఒళ్లు మండిపోయింది.

చెప్పాల్సిన మాట చిన్నదే. "పోకు" అని.

మా ఆయన దుబాయి దిక్కు పెద్ద ట్రాలీ లారీలు తోలుతాడు. సెలవు మీద వచ్చాడు. సెలవు అయిపోవచ్చింది. మళ్లీ వస్తావా రావా తేల్చి చెప్పమని కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. "రేపు సాయంత్రానికల్లా చెప్తాను" అని ఈయన హిందీలో అనడం, పక్కగదిలో లంగాలు కుడుతున్న నా చెవిన పడింది. కుట్టు మిషన్ మీద చేయి అలాగే ఆగిపోయింది. అంటే ఇంకా తేల్చుకోలేదన్నమాట. అంటే అడగడానికి నాకు ఒక రోజు ఉందన్నమాట.

అడిగేదెక్కడ? ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో అత్తమ్మ, పిల్లలు. రెండోదాని గోడకు ఆనుకునే మగ్గాల షెడ్డు, రాత్రి షిఫ్టుతో సహా. మా అన్నకు రెండు బళ్లున్నాయి, ఒకటి తోలుకుంటే ఇంట్లోనే ఉండొచ్చని చెప్పాలి. పిల్లలు నిన్ను ఫోన్‌లో బొమ్మలాగే చూస్తున్నారని చెప్పాలి. అవన్నీ అరిచి చెప్తే అత్తమ్మ ఊరుకుంటుందా! నేనే కొడుకును కట్టేసుకుంటున్నానని నలుగురిలో అంటుంది.

అందుకే ఆ రాత్రి, "రేపు జలపాతం చూపెట్టు" అన్నాను. పెళ్లయిన కొత్తలో ఆదిలాబాద్ కొండల్లోకి తీసుకుపోతానని ఈయన ఇచ్చిన మాట ఒకటి అలాగే పడి ఉంది. ఎన్నేళ్ల నుంచో ఈయన పంపే వీడియోల్లో ఇసుకే చూస్తున్నాను. వానాకాలం, కొండలు, నీళ్లు, మేమిద్దరం. అక్కడ చెప్పేస్తే పనైపోతుందనుకున్నాను.

అత్తమ్మ మాత్రం మూతి తిప్పింది. "వానల్ల జలపాతం ఏందే? నల్లా ఇప్పి దానికింద కూసుంటే సాలదా?"

పొద్దున్నే అన్న కారు వచ్చింది. కొత్త చీర కట్టుకున్నాను. ఎండ ఫెళ్లున కాస్తోంది. ముందు సీట్లో కూర్చుని చూస్తే, ఈయన వెనక సీట్లోకి అట్టపెట్టెలు ఎక్కిస్తున్నాడు.

"గవేంది?"

"పార్సిళ్లే. రూంల దోస్తులయి. ఒకటి జగిత్యాల, ఒకటి కోరుట్ల. గట్లనే పోతున్నం గద, ఇచ్చేసి పోదాం. రెండు నిమిషాల పని."

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లున్న ఇళ్లలో ఎవరినైనా అడగండి, ఈ రెండు నిమిషాల సంగతి చెప్తారు. సెలవు మీద వచ్చేవాడు రూంలో వాళ్ల సామాను కూడా మోసుకొస్తాడు. సబ్బులు, అత్తరు సీసా, పాలపొడి డబ్బా, తలనొప్పి బామ్, ఒక కంబళి. వాటిని గుమ్మంలో పెట్టి వచ్చేస్తామంటే కుదరదు. లోపలికి పోవాలి, కూర్చోవాలి, నీళ్లు తాగాలి, చాయ్ తాగాలి. అక్కడి మనిషి బక్కబడ్డాడా, ఒళ్లు చేశాడా, ఏం వండుకుంటున్నాడు, ఎండ తగులుతోందా, అన్నీ చెప్పాలి. చెప్పకుండా లేస్తే "పార్సిల్ పారేసి పోయిండు" అని ఊరంతా అనుకుంటారు. ఆ మాట దుబాయి రూం దాకా పోతుంది. మా ఆయన ఆ మాట పడే మనిషి కాదు. నా మాట మాత్రం ఎన్నాళ్లయినా ఆగుతుంది.

వేములవాడ దాటగానే ఎండ పోయింది. ఎదురుగా మబ్బు ఎంత నల్లగా ఉందంటే దాని ముందు వరిపొలాలు మెరుస్తున్నట్టు కనిపించాయి. మంచి సమయమే అనిపించి, "ఇగో, ఒక మాట" అన్నాను. ఫోన్ మోగింది. జగిత్యాలవాళ్లు. "ఎక్కడి దాకా అచ్చిండ్రన్నా?" పెట్టేశాక మళ్లీ నోరు తెరిచాను. మళ్లీ వాళ్లే. "కొత్త బస్టాండ్ దిక్కు రాకుండ్రి, నీళ్లు నిలిచినయి, ఎనక గల్లీల కెళ్లి రాండ్రి." ఇంకోసారి మొదలుపెడితే వాన అందుకుంది. అద్దం మీద బకెట్లతో పోసినట్టు. "ఆగవే, రోడ్డు కనవడ్తలేదు" అన్నాడు. ఆగాను. ఆ రోజు నేను చేసిన పని అదే, ఆగడం.

జగిత్యాలలో కోడిని కోశారు.

మేం ఆ ఇంటి గుమ్మం ఎక్కేసరికే దాని ఈకలు పెరట్లో ఉన్నాయి. ఇక తినకుండా ఎలా లేస్తాం? దోస్తు భార్య నన్ను వంటింట్లోకి తీసుకుపోయి తన మొగుడు వీడియో కాల్‌లో ముఖం పక్కకు పెట్టి మాట్లాడుతున్నాడెందుకో మా ఆయన్ను అడగమంది. ముందు గదిలో ఈయన ఆ ఇంటి మగవాళ్లకు దోస్తు గురించి చెబుతుంటే నేను విన్నాను. వాడు చపాతీలు ఎలా కాలుస్తాడో, ఏ పాటకు కన్నీళ్లు పెట్టుకుంటాడో, నిద్రలో ఏం కలవరిస్తాడో. నాతో ఫోన్‌లో "తిన్నవా, పిల్లలు తిన్నరా" తప్ప ఇంకో ముక్క రాని మనిషి! నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోడికూర మాత్రం బాగుంది, అబద్ధమెందుకు.

బయటికి వచ్చేసరికి వాన లేదు. రోడ్డంతా కడిగి ఆరేసినట్టుంది. కోరుట్ల దాకా కడుపు నిండి ఈయన ఆవులిస్తూ తోలాడు. నిద్రమత్తులో ఉన్న మనిషికి జీవితంలో ముఖ్యమైన మాట చెప్పబుద్ధి కాలేదు. కోరుట్ల పార్సిల్ అయిపోతే ఇక ఇద్దరమే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

కోరుట్లలో ఆ ఇల్లు ఊరి చివర. రేకుల కప్పు. దోస్తు తల్లి ఒక్కతే ఉంది. కూలి పని చేసి చేసి చేతులు గట్టిబడ్డ పెద్దమనిషి. ఒళ్లో చాటలో బీడీ ఆకులు కత్తిరించుకుంటోంది. ఆమె కొడుకు కిందటేడు పని దగ్గర పైనుంచి పడి నడుము దెబ్బ తగిలించుకున్నాడని, ఈయనే వండి పెట్టాడని నాకు తెలుసు. ఆమె పార్సిల్ వైపు చూడనే లేదు. ఈయన ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు అలా చూసింది. చాయ్ ఇచ్చింది. నేను హమ్మయ్య అనుకుని లేవబోతుంటే, మూలనున్న చేతిసంచీ, గొడుగు తీసుకుంది.

"నిర్మల్ మీదికెళ్లే పోతర్రు గద కొడుకా. మా బిడ్డ ఆడనే ఉంటది. నన్ను దింపిపోరి."

"దానికేంది పెద్దమ్మా, రా, కూసో" అన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

సంచీలోంచి మామిడికాయ తొక్కు వాసన కారంతా నిండింది. కూతురికి పట్టుకెళ్తోందనుకున్నాను. మెట్‌పల్లి దాటేదాకా ఆమె ఆగకుండా మాట్లాడింది. బయట చూస్తే పసుపు తోటల మీద ఎండా వానా రెండూ కలిసి పడుతున్నాయి. ఆర్మూరు గుట్టల రాళ్లు తడిసి నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక గుట్ట మీద ఎండ, పక్క గుట్ట మీద వాన. ఎంత బాగుందో చెప్పలేను. అంత బాగున్న దాన్ని పళ్లు కొరుక్కుంటూ చూశాను.

గోదావరి వంతెన మీద కారు మెల్లగా పోనిమ్మని ఆమె రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకుంది. కింద ఎర్రనీళ్లు కొమ్మలూ రెమ్మలూ మోసుకుని ఉరుకుతున్నాయి. "మా పోరడు సల్లగ ఉండాలె, మీరు సల్లగ ఉండాలె" అంది. నేనూ ఒక దండం పెట్టాను. నిర్మల్ తొందరగా రావాలని.

నిర్మల్ వచ్చింది. కూతురి ఇంటికి తాళం ఉంది. నాట్లకు పోయిందట, సాయంత్రం గానీ రాదట. పక్కింటామె చెప్పింది. అరుగు మీద కూర్చుంటానని పెద్దమ్మే అంది, అందులో ఆమె తప్పు లేదు. చినుకులు మొదలయ్యాయి. ఈయన నా వైపు చూశాడు. నేను ఏమనాలి? వానలో వదిలేసి పోదామనాలా?

"మాతోటి రా పెద్దమ్మా. జలపాతం జూసి, ఎనకకు అచ్చేటప్పుడు దింపుత."

"నేను గూడ ఎన్నడు జూడలే కొడుకా" అని ఆమె సంబరపడింది.

ఘాట్ రోడ్డు ఎక్కాం. రెండు వైపులా టేకుచెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా వాతావరణం మారిపోతోంది. ఒక మలుపులో లోయంతా పచ్చగా ఎండలో ఉంది. ఇంకో మలుపులో మబ్బు రోడ్డు మీదికే దిగి, ఎదురొచ్చే లారీల లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. దాంట్లోంచి బయటపడేసరికి ఒక కొండ మీదినుంచి ఇంకో కొండ మీదికి వాన నడిచిపోవడం కనిపించింది. సిరిసిల్ల నుంచి ఒక పూట దూరంలో ఇంత ఉందని నాకెవరూ చెప్పలేదు. కిటికీ దించి చేయి బయట పెట్టాను. మనసు కొంచెం చల్లబడింది. పెద్దమ్మ విన్నా వినని, ఇప్పుడే చెప్పేస్తే పోలేదా అనుకున్నాను.

"బిడ్డా, కడుపుల తిప్పుతాంది" అంది వెనక నుంచి.

కారు ఆపాం. ఆమె పాపం రోడ్డు పక్కన కూర్చుని కక్కుకుంది. వెనక కూర్చుంటే తిప్పుతుందని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నేను వెనక్కి పోయాను, తొక్కు సంచీ పక్కకు. నా జలపాతం ప్రయాణంలో నా మొగుడి పక్కన పెద్దమ్మ, నా పక్కన మామిడికాయ తొక్కు. నవ్వు రావాలి నిజానికి. ఇప్పుడు చెబుతుంటే వస్తోంది కూడా. అప్పుడు మాత్రం కిటికీ అద్దం మీద గుద్దాలనిపించింది.

జలపాతం దగ్గరికి పోయేసరికి లోయ నిండా మబ్బు. మెట్ల పైనుంచి చూస్తే తెల్లగా, ఏమీ లేదు. నీళ్ల చప్పుడు మాత్రం నేల అదిరేలా వస్తోంది. మెట్లు దిగలేనని పెద్దమ్మ పైనే బండ మీద కూర్చుంది, సంచీ ఒళ్లో పెట్టుకుని. ఇద్దరమే మిగిలాం, పొద్దుటి నుంచి మొదటిసారి. ఈయన నా చేయి పట్టుకుని మెట్లు దింపాడు. కమ్మీల దగ్గర నిలబడ్డాం. చుట్టూ ఎవరూ లేరు. మబ్బు మా ముఖాలకు తగులుతోంది.

"ఇగో, నువ్వు" అన్నాను.

పైనుంచి కేక. "కొడుకా! కోతులు! ఓ కొడుకా!"

కోతుల గుంపు పెద్దమ్మను చుట్టేసింది. సంచీ ఒక కొన ఆమె చేతిలో, ఇంకో కొన కోతి చేతిలో. ఈయన నా చేయి వదిలి రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెత్తాడు. నేను అక్కడే కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడు మబ్బు విడింది.

ఎవరో తెర పక్కకు లాగినట్టు కొండ మొత్తం బయటపడింది. పై నుంచి కింది దాకా నీళ్లు, మెట్లు మెట్లుగా, తెల్లగా, మధ్యలో ఎండ పడి ఒకచోట బంగారు రంగు. అంత నీళ్లు ఒకేచోట నేను చూడలేదు. "ఇగో, రా! జూడు! తొందరగ రా!" అని గొంతు చించుకున్నాను. సిరిసిల్లలో నా అరుపు మూడు ఇళ్లకు వినిపిస్తుంది. అక్కడ నా చెవికే వినిపించలేదు. ఈయన సంచీ విడిపించి, పెద్దమ్మను ఓదార్చి, కిందికి దిగేసరికి మబ్బు మళ్లీ మూసుకుంది.

"ఏమన్న కనవడ్డదా?" అన్నాడు రొప్పుతూ.

"ఏం కనవళ్లే" అన్నాను. పైన పెద్దమ్మ ఇంకా ఏడుస్తోంది. ఎక్కిపోయాం.

వెనక్కి వచ్చేటప్పుడు ఘాట్ దిగుతుండగా పెద్దమ్మ అడిగింది. ముందు సీట్లో కూర్చుని, రోడ్డు వైపే చూస్తూ.

"కొడుకా, నువ్వు మళ్ల పోతవు గద?"

ఈయన గేరు మార్చాడు. నేను వెనక సీట్లోంచి ముందుకు వంగాను.

"మా పోరనికి నడుము ఇంక సక్కగైనట్టు లేదు. ఫోన్ల మంచిగనే ఉన్న అంటడు. నాకు దెలువదా? నువ్వున్నవనే ధైర్నం మీద నిద్ర వోతున్న. నువ్వు పోకపోతే వాడు ఆగమైతడు కొడుకా." ఆమె ఈయన మోచేయి పట్టుకుంది. "పోతవు గద?"

అద్దంలో ఈయన కళ్లు కనిపిస్తున్నాయి. నా వైపు చూస్తాడేమోనని చూశాను. రోడ్డు మీద ఎండ పడింది, మళ్లీ పోయింది.

"పోత పెద్దమ్మా. పోతనే ఉన్న గద" అన్నాడు.

అంతే. నేను పొద్దుటి నుంచి మోసుకు తిరిగిన మాటకు జవాబు వచ్చేసింది, నేను అడగకముందే, ఇంకో మనిషికి.

నిర్మల్‌లో కూతురు వచ్చి ఉంది. మళ్లీ చాయ్. పెద్దమ్మ కారు దాకా వచ్చి, ముందు సీట్లో కూర్చున్న నా ఒళ్లో ఆ సంచీ పెట్టింది. "ఇది నా బిడ్డకు గాదమ్మా. మా పోరనికి. మామిడికాయ తొక్కు, సకినాలు. దిగేటప్పుడు మీ చేతుల పెడ్దామని పట్టుకచ్చిన. పైలంగ తీస్కపోరి." కోతి గుంజినప్పుడు తొక్కు డబ్బా మూత వదులైందేమో, నూనె కారి నా కొత్త చీరకు అంటుకుంది. రాకడ పార్సిళ్లే అనుకున్నాను, పోకడ పార్సిల్ నా ఒళ్లోనే కూర్చుంది.

మెట్‌పల్లి దగ్గర వాన అందుకుంది. పొద్దు వాలుతోంది. మక్కకంకులు కాల్చే బండి పక్కన కారు ఆపాడు. అప్పుడు చెప్పాను. జలపాతమూ లేదు, కొండలూ లేవు, ఒళ్లో తొక్కు సంచీతో.

"పోకు."

వైపర్లు కొట్టుకుంటున్నాయి.

"గీ మాట పొద్దుగాల్నే ఎందుకు అనలేదే?" అన్నాడు. "ఇప్పుడు పెద్దమ్మకు మాట ఇచ్చిన గద."

అప్పుడు అరిచాను. మగ్గాల నడుమ అరిచినట్టు. "ఎక్కడ అననిచ్చినవ్? ఎక్కడ అననిచ్చినవ్ నన్ను?" మక్కకంకులాయన విసనకర్ర ఆపి మా వైపు చూశాడు. ఈయన కారు ముందుకు తీశాడు. కోరుట్ల దాటాక కారు పక్కకు తీసి, నా ముందే మేనేజరుకు ఫోన్ చేసి వస్తానన్నాడు.

పొద్దున్నే అడిగి ఉంటే నిజంగా ఆగేవాడా? ఏమో. ఆగకపోయేవాడేమో కూడా. ఆ సంగతి తెలియనివ్వకుండా చేశారే, దానికే నాకు ఇప్పటికీ మండుతుంది. పెద్దమ్మ మీద కోపం రాదు. ఆ చాయ్‌ల మీద, ఆ కోడి మీద, రెండు నిమిషాల పని అన్న ఆ మాట మీద వస్తుంది. ఈయన పోయాడు. చీర మీద నూనె మరక పోలేదు.

మొన్న ఒకతను ఈయన పంపిన పార్సిల్ తెచ్చాడు. సెలవు మీద వచ్చిన మనిషి. మా గల్లీ మొదట్లో కారు ఆపాడు. ముందు సీట్లో కొత్త చీర కట్టుకుని అతని భార్య. ఎటో పోతున్నారు, దారిలో ఇచ్చిపోదామని. అతను దిగబోయాడు.

నేనే ఉరికిపోయి డోరుకు అడ్డం నిలబడ్డాను. ఈయన ఎలా ఉన్నాడు, బక్కబడ్డాడా, రాత్రిళ్లు నిద్రపోతున్నాడా, ఎవరితోనైనా నా గురించి మాట్లాడతాడా, అన్నీ నాలుక కొన దాకా వచ్చాయి. మింగేశాను. కిటికీలోంచే పార్సిల్ అందుకున్నాను.

"లోపటికి రాకుండ్రి" అన్నాను, మగ్గాల చప్పుడుకు మించి గట్టిగా. "చాయ్ లేదు, ఏం లేదు. పోండ్రి. దారిల ఎవ్వలనీ ఎక్కించుకోకుండ్రి. ఇద్దరే మాట్లాడుకుంట పోండ్రి."

అరుగు మీదినుంచి అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంటికచ్చినోనికి గుక్కెడు నీళ్లన్న ఇయ్యవానే?" అతను ముఖం మాడ్చుకుని గేరు వేశాడు. అతని భార్య మాత్రం ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత కిటికీ అద్దం పైదాకా ఎక్కించి, మొగుడి వైపు తిరిగింది.